గ్లాసు లెక్క, గ్రాము లెక్క

ప్రశ్న: మేము నిజాంపేటలో ఉంటాము. ఎనిమిది నెలల క్రితం ఇంట్లో 120 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. రెండు క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు, ఒక క్లీనర్ రొయ్య ఉండేవి. రెండు వారాలకోసారి 40 లీటర్లు మారుస్తాను. డ్రమ్ములో గీత దాకా మా వంటింటి ఆర్‌వో నీళ్లు, అయిదు స్టీలు గ్లాసుల మెరైన్ సాల్ట్. ఎప్పుడూ ఇదే కొలత. అయినా ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో ఒకసారి 1.023, ఇంకోసారి 1.028 వస్తోంది. ఎండలకు అక్వేరియంలో నీళ్లు త్వరగా తగ్గిపోతున్నాయి. డ్రమ్ములో మిగిలిన ఉప్పునీళ్లే పోసి నింపుతున్నాను. పోయిన నెల నీళ్లు మార్చిన మర్నాడే రొయ్య చచ్చిపోయింది. సాల్ట్ బ్రాండు మార్చమంటారా? మా అమ్మ 'ఉప్పే కదా, కల్లుప్పు వేస్తే పోదా' అంటోంది. బాపట్ల స్నేహితుడు సూర్యలంక నుంచి సముద్రపు నీళ్లే క్యాన్లలో పంపిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: బ్రాండు అలాగే ఉంచండి. ముందు ఆ గ్లాసును వంటింట్లోకి పంపించండి.

మీ ఉత్తరం చదవగానే నేను చేసిన పని, మా ఇంట్లోని స్టీలు గ్లాసు తీసుకుని సాల్ట్ డబ్బాలో ముంచి కాటా మీద పెట్టడం. గ్లాసు బరువు తీసేస్తే 270 గ్రాములు. అదే గ్లాసును బల్ల మీద రెండుసార్లు తట్టి, ఉప్పు కిందికి దిగాక మళ్లీ అంచు దాకా నింపాను. 300 దాటింది. గ్లాసు మారలేదు, ఉప్పు మారలేదు, చేయి కూడా మారలేదు. ఒక్క గ్లాసుకే 30 గ్రాములు. మీరు పోసేది అయిదు గ్లాసులు, అంటే 150 గ్రాములు. 40 లీటర్లలో అది దాదాపు మూడున్నర పీపీటీ తేడా. పీపీటీ అంటే వెయ్యి భాగాల నీటిలో ఎన్ని భాగాల ఉప్పు ఉందో చెప్పే లెక్క. సముద్రం సగటున 35 ఉంటుంది. రిఫ్రాక్టోమీటర్ భాషలో, అంటే మంచినీటితో పోలిస్తే ఎంత బరువో చెప్పే అంకెలో, అది ఇంచుమించు 1.0264. మీకు వచ్చిన 1.023 అంటే సుమారు 30.5, 1.028 అంటే దాదాపు 37. మీకు కనిపించిన తేడాలో సగానికి పైగా ఈ గ్లాసు ఒక్కటే తేగలదు.

కాబట్టి ఉప్పును తూచండి. అయిదు కిలోల దాకా తూగే వంటింటి డిజిటల్ కాటా చాలు. ఎక్కువ సాల్ట్‌లకు లీటరు నీటికి 36 నుంచి 39 గ్రాముల మధ్య పడుతుంది. 35 గ్రాములే ఎందుకు సరిపోవంటే, ఆ పొడిలో ఉన్నదంతా పొడి ఉప్పు కాదు, కొంత తేమ కూడా ఉంటుంది. 40 లీటర్లకు 1,500 గ్రాములతో మొదలుపెట్టి, పూర్తిగా కరిగాక కొలవండి. 34 వచ్చిందనుకోండి, ఒక పీపీటీ తక్కువ. 40 లీటర్లకు మరో 45 గ్రాములు వేస్తే సరిపోతుంది. 37 వచ్చిందనుకోండి, 40ని 37తో గుణించి 35తో భాగిస్తే 42.3 వస్తుంది. అంటే ఇంకో రెండు లీటర్ల పైచిలుకు మంచినీళ్లు పోయాలి. రెండు మూడు సార్లు చేశాక మీ సాల్ట్‌కు, మీ డ్రమ్ముకు సరిపోయే అంకె ఒకటి తేలుతుంది. దాన్ని డ్రమ్ము మీదే మార్కరుతో రాసేయండి.

డ్రమ్ము మీది గీత గురించి కూడా ఒక మాట. ఆ గీత ఉప్పు వేయక ముందు నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పే గీత. ఉప్పు కరిగాక మట్టం కొద్దిగా పైకి వస్తుంది. కొందరు సగం నీళ్లు పోసి, ఉప్పు వేసి, తర్వాత గీత దాకా నింపుతారు. ఇంకొకసారి ముందే గీత దాకా నింపి ఉప్పు వేస్తారు. ఈ రెండూ ఒకటి కావు. అసలు ఆ గీత 40 లీటర్ల దగ్గరే ఉందా? లీటరు మంచినీళ్లు కిలో తూగుతాయి కదా, ఒకసారి బకెట్లను తూచి పోసి గీత గీయండి. డ్రమ్ము కొత్తదైతే మేలు. బేగంబజారులో దొరికే నీలం డ్రమ్ముల్లో కొన్ని ఇదివరకు రసాయనాలు మోసినవి కూడా ఉంటాయి, కడిగితే పోతుందనుకోకండి. రాగి, ఇత్తడి పాత్రలు మాత్రం ఈ పనికి దగ్గరికే రానివ్వకండి. మనకు రాగి బిందెలో నీళ్లు ఆరోగ్యమేమో గానీ, రొయ్యలకు, నత్తలకు రాగి విషం.

ఇక సంచి సంగతి. సాల్ట్ సంచిలో ఉన్నది ఒక ఉప్పు కాదు. సోడియం క్లోరైడు, మెగ్నీషియం లవణాలు, కాల్షియం క్లోరైడు, బైకార్బనేటు, ఇంకా చాలా కలిసి ఉంటాయి. పలుకుల సైజులు వేరు, బరువులు వేరు. దుకాణం నుంచి మీ ఇంటి దాకా ఆటో కుదుపులకు సన్నవి కిందికి జారతాయి, పెద్దవి పైన మిగులుతాయి. మన ఇళ్లలో మిక్చర్ డబ్బా అడుగున కారప్పొడి, సన్న బూందీ మిగిలినట్టే. పై నుంచి తీసిన 1,500 గ్రాములు, అడుగు నుంచి తీసిన 1,500 గ్రాములు రెండూ 35 చూపించవచ్చు. కానీ ఒకదానిలో కాల్షియం ఎక్కువ, ఇంకోదానిలో తక్కువ ఉంటుంది. రిఫ్రాక్టోమీటర్‌కు ఆ సంగతి తెలియదు.

సముద్రంలో ఈ బెడద లేదు. 1872 నుంచి 1876 దాకా లోకమంతా తిరిగిన చాలెంజర్ అనే బ్రిటిష్ పరిశోధక నౌక తెచ్చిన 77 నీటి నమూనాలను విలియం డిట్మార్ అనే రసాయన శాస్త్రవేత్త పరీక్షించి, 1884లో ఫలితాలు ప్రచురించాడు. ఉప్పదనం చోటును బట్టి మారుతుంది కానీ, అందులోని ముఖ్యమైన లవణాల పాళ్లు దాదాపు మారవని తేలింది. అందుకే సముద్రంలో ఒక్కటి కొలిస్తే మిగతావి లెక్క కట్టేయవచ్చు. మీ డ్రమ్ములో ఆ ధైర్యం రావాలంటే సంచి మొత్తం ఒకేలా కలిసి ఉండాలి. చిన్న సంచి అయితే ఒకేసారి మొత్తం వాడేయడం అన్నిటికన్నా తేలిక. పెద్ద బకెట్టు అయితే మూత బిగించి, పడుకోబెట్టి, రెండు నిమిషాలు అటూ ఇటూ దొర్లించండి. కింది అంతస్తు వాళ్లు నిద్రపోయే వేళ మాత్రం వద్దు. దొర్లించాక 1,500 గ్రాముల చొప్పున గాలి చొరని డబ్బాల్లో సర్దుకుంటే మరీ మంచిది. ఎందుకంటే కాల్షియం, మెగ్నీషియం క్లోరైడులు గాలిలోని తేమను లాగేసుకుంటాయి. జూలైలో వానలు పట్టాక మూత సరిగా పెట్టని సాల్ట్ గడ్డ కడుతుంది, బరువెక్కుతుంది. అప్పుడు మీరు తూచిన కిలోలో కొంత వాన కూడా ఉంటుంది.

మీ ఆర్‌వో నీళ్ల విషయానికి వద్దాం. మీ సంపులోకి ఒకరోజు నల్లా నీళ్లు, ఒకరోజు బోరు నీళ్లు, ఏప్రిల్ వస్తే ట్యాంకరు నీళ్లు వస్తుంటాయి. హైదరాబాద్‌లో చాలా అపార్టుమెంట్ల కథ ఇదే. వంటింటి ఆర్‌వో దాన్ని శుభ్రం చేస్తుంది నిజమే, కానీ చాలా యంత్రాల్లో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తం) కంట్రోలర్ అనే చిన్న మర ఉంటుంది. అది వడపోత పొర గుండా రాని నీటిని కొంత మళ్లీ కలిపేస్తుంది. మరికొన్నిటిలో మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. తాగడానికి మంచిదే. మీ ఉప్పదనం ఎగుడుదిగుళ్లకు ఇది కారణం కాదు, ఎందుకంటే 100 టీడీఎస్ ఉన్నా అది 0.1 పీపీటీయే. కానీ నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా ఆ దారినే వచ్చి గాజు మీద గోధుమరంగు నాచు పట్టిస్తాయి, ఆల్కలినిటీ (ముఖ్యంగా నీటిలో కరిగిన బైకార్బనేటు పాలు) ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పొర నుంచి వచ్చే గొట్టాన్ని ఆ మర కంటే ముందే చీల్చి, మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెజిన్ కార్ట్రిడ్జ్ గుండా డ్రమ్ములోకి పెట్టించుకోండి. టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. రెండు మూడు చూపించడం మొదలుపెడితే రెజిన్ మార్చే సమయం వచ్చినట్టు.

కలిపే తీరు. నీళ్లలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. ముందు నీళ్లు, వాటిని కదిలించే చిన్న పంపు పవర్‌హెడ్ తిరుగుతూ ఉండాలి, అప్పుడు గరిటెడు గరిటెడుగా ఉప్పు. ఉప్పు కుప్ప మీద నీళ్లు పోస్తే మొదటి క్షణాల్లో అక్కడ కాల్షియం, కార్బనేటు మరీ చిక్కగా ఒకచోట చేరి, సున్నపు తరకలుగా విడిపోతాయి. నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఎంతసేపు తిప్పినా ఆ మబ్బు ఒక పట్టాన తీరదు. వేడి నీళ్లలోనూ ఇదే జరుగుతుంది. ఇది నేను చదివి చెబుతున్న మాట కాదు. ఓ డిసెంబరు ఉదయం తొందరపడి గీజరు నీళ్లు కలిపాను. త్వరగా కరుగుతుందనుకున్నాను. అరగంటలో డ్రమ్ము అడుగున, పవర్‌హెడ్ రెక్కల మీద గోకితే రాలే తెల్లని పొర. పరీక్ష చేస్తే ఆల్కలినిటీ సగానికి దగ్గరగా పడిపోయింది. డబ్బు పెట్టి కొన్న కాల్షియాన్ని డ్రమ్ముకు వెల్ల వేశానన్నమాట. ఇంట్లో రసాయన శాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని నేనే.

మీకు డిసెంబరు కంటే మే నెల ప్రమాదం. మేడ మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. రాత్రి నీళ్లు పట్టి, గదిలో ఉంచి, తెల్లవారి 25 డిగ్రీల దరిదాపుల్లో ఉప్పు కలపండి. ఎంతసేపు తిప్పాలో సంచి మీద రాసి ఉంటుంది, దాన్నే పాటించండి. కొన్ని రెండు గంటల్లో సిద్ధమవుతాయి, కొన్నిటికి రాత్రంతా కావాలి. ఆల్కలినిటీ ఎక్కువగా ఉండే పగడాల సాల్ట్‌లను రోజుల తరబడి తిప్పకూడదు. మూత పెట్టి ఉంచండి, లేకపోతే డ్రమ్ములో కూడా నీళ్లు ఆవిరై మీ అంకె మారిపోతుంది.

ఇప్పుడు రిఫ్రాక్టోమీటర్. మీ 1.023లో, 1.028లో కొంత భాగం దీని పని కూడా కావచ్చు. దీన్ని మంచినీళ్లతో సున్నాకు సరిచేసి ఊరుకుంటారు చాలామంది. సున్నా దగ్గర నిజం చెప్పిన పరికరం 35 దగ్గర కూడా నిజమే చెబుతుందని హామీ ఏమీ లేదు. బంగారం తూచే త్రాసును ఖాళీగా ఊపి చూసి సరే అనుకున్నట్టు ఉంటుంది. 35 దగ్గరే సరిచేయాలి. దానికి ద్రావణం కొనవచ్చు, ఇంట్లోనూ చేయవచ్చు. కిలో ద్రావణంలో 36.5 గ్రాముల మామూలు ఉప్పు ఉంటే, అది 35 పీపీటీ సముద్రపు నీటి మాదిరిగానే కాంతిని వంచుతుంది. మీ కాటా అర గ్రాము చూపదు కాబట్టి రెండింతలు చేయండి. 73 గ్రాముల పొడి టేబుల్ సాల్ట్, 1,927 గ్రాముల డీఐ నీళ్లు. అయోడైజ్డ్ అయినా ఫరవాలేదు. సీసాలో పోసి బిగించి పెట్టుకుంటే నెలల తరబడి పనికొస్తుంది. ఈ ద్రావణం రిఫ్రాక్టోమీటర్‌కు మాత్రమే. పెన్ను ఆకారంలో ఉండే ఎలక్ట్రానిక్ మీటర్లకు ఇది తప్పు అంకె ఇస్తుంది.

కొలిచేటప్పుడు చూడండి. మూత ఎత్తి, అద్దం మీద రెండు మూడు చుక్కలు, మూత మెల్లగా వాల్చాలి. కింద బుడగ చిక్కితే మళ్లీ మొదటికి. ఒక నిమిషం ఆగాలి, చుక్క అద్దం వేడికి వచ్చేదాకా. తర్వాత వెలుతురు వైపు తిప్పి చూడాలి. తనంతట తానే ఉష్ణోగ్రతను సరిచేసుకుంటుందని డబ్బా మీద రాసి ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో 10 నుంచి 30 డిగ్రీల మధ్య అని కూడా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 36 ఉన్నప్పుడు ఆ భరోసా చెల్లదు. వేడెక్కిన నీళ్లు కాంతిని తక్కువగా వంచుతాయి, అంకె ఉన్నదానికంటే తక్కువ కనిపించవచ్చు. అది చూసి మీరు ఇంకో అర గ్లాసు ఉప్పు వేసి ఉంటారు. పొద్దున్నే కొలవండి, అక్వేరియం నీటిని, డ్రమ్ము నీటిని ఒకే పూట, ఒకదాని వెంట ఒకటి. పరికరంలో కాస్త దోషం ఉన్నా రెండింటికీ ఒకే దోషం వర్తిస్తుంది, రెండూ సరిపోలాయా లేదా అన్నది తెలిసిపోతుంది. నా దృష్టిలో 35 సరిగ్గా రావడం కంటే ఇది ముఖ్యం. 34కీ 35.5కీ మధ్య ఏదో ఒకటి పట్టుకుని దాన్ని వదలకుండా ఉంటే మీ ప్రాణులకు చాలు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన వాక్యం రొయ్య గురించి కాదు, ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లే పోస్తున్నానన్నది. ఉప్పు ఆవిరి కాదు. పోయింది నీళ్లే. పొయ్యి మీద చారు మరిగి మరిగి ఉప్పెక్కితే ఏం చేస్తాం? మరో గరిటె చారు పోయం కదా, నీళ్లు పోస్తాం. మీ 120 లీటర్లలో మూడు లీటర్లు ఆవిరైతే 35 కాస్తా దాదాపు 36 అవుతుంది. మంచినీళ్లు పోస్తే తిరిగి 35కు వస్తుంది, ఉప్పునీళ్లు పోస్తే 36 దగ్గరే ఉండిపోతుంది, వారానికి వారం పెరుగుతూ పోతుంది. వేసవిలో చల్లబరచడానికి నీటి మీదికి ఫ్యాను పెట్టేవాళ్లకైతే ఇంకా వేగంగా. గాజు మీద చిన్న టేపు ముక్క అంటించి, రోజూ ఒకే వేళకు ఆ టేపు దాకా డీఐ నీళ్లు పోయండి.

అమ్మగారి ప్రశ్న తేలికగా తీసుకోదగినది కాదు. సముద్రం నుంచి వచ్చిందే కదా కల్లుప్పు, మళ్లీ నీళ్లలో వేస్తే సముద్రం కావాలి కదా? చినగంజాం ఉప్పు మడుల్లో ఏం జరుగుతుందో చూస్తే జవాబు దొరుకుతుంది. నీరు ఎండుతున్నకొద్దీ ముందుగా సున్నం, జిప్సం అడుగుకు చేరతాయి. తర్వాత ఉప్పు పలుకులు కడుతుంది. మెగ్నీషియం లవణాలు మాత్రం చివరిదాకా నీళ్లలోనే ఉండి, ఆ చేదు నీటితో పాటు బయటికి పోతాయి. చేతికి వచ్చిన కల్లుప్పు దాదాపుగా సోడియం క్లోరైడు మాత్రమే. సముద్రంలో కరిగి ఉన్నదానిలో సోడియం, క్లోరైడు కలిసి సుమారు 85 శాతం. మిగిలిన ఆ 15 శాతం కోసమే మీరు దుకాణంలో అంత ధర పెడుతున్నారు. కల్లుప్పు ఆవకాయకు ఉంచమనండి.

స్నేహితుడి క్యాన్లు వద్దు. బంగాళాఖాతం మన నదుల నీటితో పలుచబడే సముద్రం, వానల తర్వాత తీరం దగ్గర మరీను. ఆగస్టు క్యాను ఒకలా, మార్చి క్యాను ఒకలా ఉంటుంది. మీరు వెతుకుతున్నది సరిగ్గా దీనికి వ్యతిరేకం. పైగా మూడు వందల కిలోమీటర్లు ఎండలో ప్రయాణించి వచ్చిన ఆ నీటిలో బతికున్న సూక్ష్మజీవులెన్ని, చచ్చినవెన్ని అన్నది మీ అక్వేరియమే తేల్చాల్సి వస్తుంది.

రొయ్య ఎందుకు పోయిందో ఇక్కడ కూర్చుని ఖాయంగా చెప్పలేను గానీ, ఈ లెక్క చూడండి. అక్వేరియంలో 80 లీటర్లు 30.5 దగ్గర ఉండి, మీరు పోసిన 40 లీటర్లు 37 అయితే, మొత్తం 32.7 అవుతుంది. పది నిమిషాల్లో రెండు పీపీటీలకు పైగా ఎగబాకింది. చేపలు ఇలాంటి కుదుపును కొంత తట్టుకుంటాయి. రొయ్య తన ఒంటిలోని ఉప్పును చేపలంత బాగా సర్దుకోలేదు. అదే 12 లీటర్లు మాత్రమే మార్చి ఉంటే, అదే తప్పు ఉప్పుతో కూడా, మార్పు 0.7 లోపే ఉండేది. ఇకపై వారానికి 12 లీటర్లు మార్చండి.

ఇప్పుడు కొలిస్తే మీ అక్వేరియం 31 దగ్గర ఉందని తేలితే కంగారుపడి ఒక్కరోజులో 35కు ఎక్కించకండి. రోజుకు ఒక పీపీటీ మించకూడదు. దీనికి మాత్రం మీ పాత అలవాటు పనికొస్తుంది. నాలుగైదు రోజులు ఆవిరైన చోట మంచినీళ్లకు బదులు ఉప్పునీళ్లు పోస్తూ, రోజూ పొద్దున్నే కొలుస్తూ, మీరు అనుకున్న అంకె రాగానే ఆపేసి మంచినీళ్లకు మారండి.

కొత్త రొయ్యను వరుసగా మూడు డ్రమ్ములు ఒకే అంకె చూపాక తెచ్చుకోండి. తెచ్చిన రోజున దాని సంచిలోని నీటిని కూడా ఒక చుక్క అద్దం మీద వేసి చూడండి. ఉప్పు కలిసివస్తుందనో, రోగాలు తగ్గుతాయనో 1.020 దగ్గర ఉంచే దుకాణాలు ఉన్నాయి. అలాంటిదైతే సన్న గొట్టానికి ముడి వేసి, చుక్కచుక్కగా రెండు గంటలకు తగ్గకుండా మీ నీళ్లు దించండి. సంచిలోని చుక్క, అక్వేరియంలోని చుక్క ఒకే గీత మీదికి వచ్చాక దాన్ని వదలండి.